ఇసుక నేలలో ఇల్లు: నమూనాల కోసం బాపట్ల దాకా వెళితే చాలు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారాలు. మీ ఆదివారం అనుబంధంలో ఇల్లు, తోటల పుటను మా ఇంట్లో అందరం ఇష్టంగా చదువుతాం. కొన్ని వారాలుగా ఆ పుటలో సముద్రతీరపు ఇళ్ల అలంకరణ మీద వరుసగా వ్యాసాలు వస్తున్నాయి. తెల్లని గోడలు, నీలి తెరలు, గాజు సీసాలో పోసిన గవ్వలు, అలలకు కొట్టుకొచ్చిన దుంగతో చేసిన బల్ల, ముంగిట పచ్చగడ్డి, దాని అంచున నాలుగు అలంకారపు తాళవృక్షాలు ఉన్న ఆ బొమ్మలు చూడముచ్చటగానే ఉన్నాయి. అయితే వాటిలో ఒక్కటీ మన తీరానిది కాదు. గుంటూరు నుంచి ఇంచుమించు 50 కిలోమీటర్లు వెళితే బాపట్ల, అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్లకు సూర్యలంక వస్తాయి. అటు నిజాంపట్నం నుంచి ఇటు చీరాల, వేటపాలెం, ఓడరేవుల దాకా ఇసుకలోనే ఇల్లు కట్టుకుని, ఇసుకలోనే పాదులు పెట్టుకుని తరాల తరబడి బతికిన ఊళ్లు ఉండగా, తీరపు ఇంటి నమూనాను పరదేశపు ఛాయాచిత్రాల్లో వెతుక్కోవలసిన అవసరం ఏమొచ్చిందన్నదే నా ప్రశ్న.

ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయమైతే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. విజయవాడలో పదో అంతస్తు ఫ్లాటులో ఒకరు హాలంతా నీలిరంగు వేయించి గోడకు పడవ తెడ్డు తగిలించుకుంటే అది వారి ముచ్చట. కృష్ణ ఒడ్డున కూర్చుని సముద్రాన్ని ఊహించుకుంటే ఎవరికీ నష్టం లేదు. (అలంకరణ కోసం శంఖాలు, పగడపు కొమ్మలు కొనేవారు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో పగడపు దిబ్బల జాతులు, కొన్ని రకాల శంఖాలు, గవ్వలు కూడా ఉన్నాయి. అంగట్లో దొరికిందల్లా కొనదగినది కాదు.) నన్ను కలవరపెడుతున్నది ఇంటి లోపలి అలంకరణ కాదు, బయట నేల మీద జరుగుతున్న పని. వారాంతపు విడిది కోసం సూర్యలంక, రామాపురం, ఓడరేవు వైపు స్థలాలు కొంటున్నవారు మా పరిచయస్తుల్లోనే పెరిగిపోయారు. స్థలం చేతికి రాగానే వారు చేయిస్తున్న మొదటి పని పొక్లెయిన్ పెట్టి ఇసుక దిబ్బను చదును చేయించడం. ఆ తరువాత లారీలతో ఎర్రమట్టి తోలించి రెండడుగుల మందాన పరిపించడం, నాలుగువైపులా నిండు ప్రహరీ లేపడం, లోతైన బోరు వేయించడం, దాని నీటితో గడ్డి పెంచడం వరుసగా జరిగిపోతాయి. ఇసుక నేల మీద మోజుతో వెళ్లి, ఇసుక కంటికి కనబడకుండా చేసే ఈ పద్ధతికి మీ పుటలోని బొమ్మలు తెలియకుండానే ఊతమిస్తున్నాయని నా అభిప్రాయం.

ముందుగా నీటి సంగతి చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. తీరపు ఇసుక కింద దొరికే మంచినీరు వానగా కురిసి ఇంకిన నీరే. ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి అది ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే, సముద్రమట్టానికి దిగువన సుమారు 40 అడుగుల మేర మంచినీరు ఉంటుందన్నది భూగర్భజల శాస్త్రంలో చాలాకాలంగా స్థిరపడిన లెక్క. ఈ లెక్క తిరగబడినా అంతే నిక్కచ్చిగా పనిచేస్తుంది. మోటారు పెట్టి తోడి పై మట్టాన్ని ఒక అడుగు దించితే, కింది ఉప్పునీరు క్రమేణా 40 అడుగుల మేర పైకి జరగడానికి చూస్తుంది. వేసిన కొత్తలో తియ్యగా ఉన్న బోరు రెండు మూడు వేసవులకే ఉప్పెక్కడానికి కారణం ఇదే. అలా ఉప్పెక్కితే నష్టపోయేది ఆ విడిది యజమాని ఒక్కడే కాదు. చుట్టుపక్కల చేతిపంపుల మీద ఆధారపడిన ఇళ్లవాళ్లు కూడా నష్టపోతారు. యజమాని సోమవారం పొద్దున్నే కారెక్కి గుంటూరు వచ్చేస్తాడు, వాళ్లు అక్కడే ఉండాలి.

ఈ సమస్యకు ఆ ప్రాంతపు రైతు దొరువు తవ్వి సమాధానం చెప్పాడు. ఇసుకలో నాలుగువైపులా వాలుగా, నీరు ఊరేంత వరకే తవ్విన గుంట అది. పైపైన ఉన్న తియ్యని నీటిని మాత్రమే తీసుకుని, లోతున ఉన్న ఉప్పును కదపకపోవడం అందులోని కిటుకు. మిరప నారుమళ్లకు, పొగాకు నారుమళ్లకు, కనకాంబరాల మళ్లకు ఆ నీరే ఆధారం. నీళ్లు పోసే తీరును దగ్గర నుంచి చూసినవారికి అదొక విద్య అని అర్థమవుతుంది. ఆడవాళ్లు బిందె ముంచుకుని చంకన పెట్టుకుని వాలు ఎక్కి, మడి వెంట నడుస్తూ, బిందె మూతికి రెండో అరచెయ్యి అడ్డం పెట్టి వేళ్ల సందుల్లోంచి నీటిని జల్లుగా చిమ్ముతారు. ధారగా పడితే ఇసుక గుంటపడి నారు వేళ్లు బయటపడతాయి. వేటపాలెంలో మా పిన్ని ఆ పని చేస్తూ, “ఇసక్కి ఒక్కసారే కడివెడు పోస్తే పాతాళానికి పోద్దమ్మా, పూటకో చెంబెడు పోస్తే మొక్క తాగుద్ది,” అనేది. ఇసుక నీటిని పట్టి ఉంచలేదు కాబట్టి కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వాలన్న ఈ మాటనే నేడు బిందుసేద్యం పేరుతో గొట్టాలు అమ్మేవారు చెబుతున్నారు. బాపట్లలోని వ్యవసాయ పరిశోధకులు ఈ దొరువునే మెరుగుపరిచి, ఇసుకలో తక్కువ లోతున చిల్లుల గొట్టాలను అడ్డంగా పరిచి, పై పొర నీరంతా మధ్యనున్న ఒక బావిలోకి చేరే ఏర్పాటును రూపొందించారు. 1945లో మొదలైన వ్యవసాయ కళాశాల ఉన్న ఊరిలో, కూతవేటు దూరంలో ఈ పరిజ్ఞానం ఉండగా, విడిది కట్టుకునేవారు బోరు మేస్త్రీని తప్ప మరెవరినీ అడగకపోవడం నాకు వింతగా తోస్తుంది.

ఎర్రమట్టి విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతున్నది. కురిసిన వానను కురిసినట్టే లోపలికి పంపడం ఇసుక నేలకు ఉన్న పెద్ద గుణం. పైన జిగురుమట్టి పరిచి, దాన్ని రోలరుతో తొక్కించితే వాన ఆ పొర మీదే నిలిచి, ప్రహరీ వెంట మురుగై, చివరకు ఆవిరవుతుంది. కింది మంచినీటికి చేరవలసినది చేరదు. పైన పోయడానికి బోరు నీరు మాత్రం కావాలి. అంటే ఖాతాలో జమ ఆపేసి ఖర్చు పెంచుకోవడమే. ఇసుకలో మొక్క పెట్టేవారు మట్టి వాడకూడదని నేను అనడం లేదు. చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి గుంతలో వేసి కొబ్బరి, మామిడి నాటడం ఆ పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నదే. కానీ వాళ్లు గుంతకు వేస్తారు, స్థలమంతా పరవరు. పాదులో ఎండుటాకులు, కొబ్బరి పీచు కప్పి తడిని నిలుపుకుంటారు.

తోట పెంచుకోదలచినవారికి మంచి గురువు సముద్రం వైపు వాలిన ఇసుక తిన్నె. ఏ నర్సరీవాడూ చెప్పని పాఠం అక్కడ వరుసక్రమంలో కనిపిస్తుంది. అలకు దగ్గరగా, ఉప్పు తుంపర నేరుగా తగిలే చోట, బాలబంది తీగ నేలను పట్టుకుని పాకుతుంది. చివర రెండుగా చీలిన మందపాటి ఆకులు, ఊదారంగు పూలు ఉన్న ఆ తీగ కణుపు కణుపుకూ వేళ్లు దించి ఇసుకను కదలనివ్వదు. దానికి తోడుగా రావణాసురుడి మీసాలు అని పిలిచే ముళ్లగడ్డి ఉంటుంది. గాలికి దొర్లివచ్చిన ఇసుక ఈ రెండింటి దగ్గర ఆగి దిబ్బ కడుతుంది. ఆ దిబ్బ చాటున మొగలి పొదలు, వాటి వెనుక పొన్న, గంగరావి, కానుగ, మరికాస్త లోపలికి వస్తే జీడిమామిడి, తాడి, కొబ్బరి ఉంటాయి. సముద్రం వైపు కొమ్మలు మాడి, భూమి వైపు కొమ్మలు సాగి, చెట్టు మొత్తం ఒకవైపుకు దువ్వినట్టు వంగి ఉండడం చూస్తే ఉప్పుగాలి బలం ఎంతటిదో తెలుస్తుంది. ముందు వరుస దెబ్బను తను కాచుకుంటేనే వెనుక వరుస బతుకుతుంది. మన విడిదుల్లో ముందు వరుసను పీకేసి, ఐదో వరుసలో ఉండవలసిన పూలమొక్కను తెచ్చి సముద్రానికి ఎదురుగా నిలబెడతారు. అది మాడిపోతే నేల మంచిది కాదంటారు.

సరుగుడు గురించి ఒక మాట. తీరం అనగానే మనవాళ్లకు సరుగుడు తోపులే గుర్తుకొస్తాయి. అది మన తీరాన పుట్టిన చెట్టు కాదు, ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియాల నుంచి వచ్చినది. గాలికి అడ్డుకట్టగా దాని మేలును కాదనలేను. కానీ రాలిన దాని ఆకుల మందపు పరుపు కింద మరో మొక్క లేవడం కష్టం, పైగా తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక దాకా తోపును తెచ్చి నాటడం సరికాదు. విడిది చుట్టూ నాలుగు వరుసల సరుగుడు నాటి, దాన్నే తీరపు తోట అనుకోవడం కంటే ఒక పొన్న, ఒక గంగరావి పెంచడం మేలు. రెండూ నీడనిస్తాయి, రెండూ ఉప్పుగాలికి ఓర్చుకుంటాయి, రెండూ అందమైనవే. ముంగిట పూలు కావాలంటే బిళ్లగన్నేరు, ఎర్రగన్నేరు, నందివర్ధనం ఉన్నాయి. వీటిలో బిళ్లగన్నేరుకైతే ఇసుక తప్ప మరేమీ అక్కర్లేదు. గడ్డి లేకపోతే ముంగిలి బోసిపోతుందన్న భయం అనవసరం. పొద్దున్నే చీపురు గీతలు పడేలా ఊడ్చిన ఇసుక వాకిలి కంటే శుభ్రమైన ముంగిలి ఏ విదేశీ బొమ్మలోనూ నాకు కనబడలేదు.

ఇక ఇంటి విషయానికి వస్తే, పాత పాకలను ఆకాశానికెత్తి పక్కా ఇళ్లను తూలనాడడం నా ఉద్దేశం కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడిన ఉప్పెనలో వేలాది మంది ప్రాణాలు పోయాయి. అంతటి నీటి గోడ ముందు మట్టిగోడ, తాటాకు కప్పు ఏమీ చేయలేవు. తాటాకింటికి నిప్పు భయం కూడా ఉండనే ఉంది. అయినా చుట్టింటిని కట్టినవాడి తెలివిని తీసిపారేయకూడదు. గుండ్రని గోడకు మూలలు లేవు కాబట్టి గాలి దాన్ని పట్టుకోలేక పక్కలకు జారిపోతుంది. కప్పు నిటారుగా పైకి లేచి, చూరు మనిషి వంగి లోపలికి వెళ్లవలసినంత కిందికి దిగి ఉంటుంది. గోడకు ఎండ తగలదు, వాన తగలదు, చూరు కింద గాలి దూరి కప్పును లేపడానికి చోటుండదు. తాటి వాసాలు, తాటాకు, తాటి నార అన్నీ ఆ చెట్టు నుంచే వచ్చేవి. 1921లో పురపాలక సంఘాన్నీ దాని పన్నులనూ ధిక్కరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో చీరాల, పేరాల ప్రజలు ఇళ్లు వదిలి ఊరి వెలుపల రామనగరంలో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలు గడపగలిగారంటే, పట్టుదలతో పాటు పరిసరాల్లో దొరికే సామగ్రితో ఇల్లు నిలబెట్టుకునే ఈ నేర్పు కూడా వారికి అక్కరకు వచ్చి ఉంటుందని నేను అనుకుంటాను.

ఆ తెలివిని సిమెంటు ఇంటికి మళ్లించడం కష్టమేమీ కాదు. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వాలుల కప్పు తుపాను గాలిని బాగా తట్టుకుంటుందని ఇంజినీర్లు చెబుతారు. వరండా కప్పును ఇంటి కప్పుకు పొడిగింపుగా కాకుండా విడిగా కడితే, గాలికి వరండా లేచిపోయినా అసలు కప్పు మిగులుతుంది. మీ వ్యాసాల్లో మెచ్చుకున్న నేల నుంచి కప్పు దాకా ఉండే అద్దాల గోడ మాత్రం మన తీరానికి కొరగానిది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్లకు సమీపంలో తీరం దాటినప్పుడు గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. విజయవాడ ప్రాంతంలో కట్టడాల రూపకల్పనకు భారత ప్రమాణాలు సూచించే మూల గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. అలాంటి గాలిలో ఎగిరివచ్చిన ఒక్క కొమ్మ తగిలి సముద్రం వైపు అద్దం పగిలిందంటే, లోపలికి చొరబడిన గాలి కప్పును కింది నుంచి పైకి తన్నుతుంది. దళసరి చెక్క తలుపులున్న చిన్న కిటికీలు, వాటికి ఎదురుగా మరో కిటికీ ఉంటే సముద్రపు గాలి ఇంట్లో ఆడుతుంది, తుపాను రోజున గడియ పెట్టుకోవడానికీ వీలుంటుంది.

ఉప్పు చేసే చెరుపు గురించి కూడా మీ పుట చెప్పాలి. తీరపు ఇసుకను కాంక్రీటులో కలిపితే అందులోని క్లోరైడులు ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తాయి. తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి, పైనున్న కాంక్రీటును పెచ్చులుగా ఊడదీస్తుంది. సముద్రపు తుంపర తగిలే కట్టడాలకు భారత ప్రమాణం ఐఎస్ 456 కనీసం ఎం35 అనే గట్టి రకం కాంక్రీటును, చువ్వ మీద 50 మిల్లీమీటర్ల కవరును, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందాన్ని నిర్దేశిస్తుంది. గుంటూరులో ఇల్లు కట్టిన మేస్త్రీ అదే లెక్కతో సూర్యలంకలో కట్టేస్తే కొన్నేళ్లకే స్లాబు కింద చువ్వలు కనబడతాయి. మామూలు ఇనుప బందులు, మేకులు ఇంకా ముందే పోతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు కొనేవారు కూడా 304 రకానికి బదులు 316 రకం అడగాలి. ఉప్పుగాలికి అది మెరుగ్గా ఓర్చుకుంటుంది. తెల్లగోడ విషయంలో నాకు మీ వ్యాసకర్తలతో పేచీ లేదు. ఎండను తిప్పికొట్టే తెల్లదనం మన ఇళ్లకు కొత్త కాదు, ఒకప్పుడు తీరంలో నత్తగుల్లలను కాల్చి తీసిన గుల్ల సున్నంతోనే గోడలకు వెల్ల వేసేవారు. నత్తగుల్లలను గాజు సీసాలో నింపడం కంటే గోడకు పూసుకోవడం నాకు మంచి అలంకరణగా అనిపిస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. 1991 నాటి తొలి తీరప్రాంత క్రమబద్ధీకరణ ప్రకటనలోనే, అందం కోసమో వినోదం కోసమో ఇసుక తిన్నెలను సవరించడం, వాటి రూపం మార్చడం నిషిద్ధ కార్యాల జాబితాలో చేరింది. 2019 ప్రకటన కూడా తిన్నెలను, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లను అత్యంత సున్నితమైన ప్రాంతాలుగా గుర్తించింది. గ్రామీణ తీరంలో జనసాంద్రతను బట్టి అత్యధిక పోటు రేఖ (పోటు వేళ సముద్రపు నీరు చేరే చివరి హద్దు) నుంచి 50 మీటర్ల వరకో, 200 మీటర్ల వరకో కొత్త నిర్మాణాలకు వీలు లేదు. స్థలం అమ్మేవారు ఈ మాట చెప్పరు, కొనేవారు అడగరు. అలాగే శీతాకాలం చివరి నుంచి వేసవి ఆరంభం దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఈ తీరానికి వచ్చి ఇసుక తవ్వి గుడ్లు పెడతాయి. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వెలుగు కనిపించే దిక్కునే సముద్రమనుకుని కదులుతాయి. విడిది ముంగిట ఆడంబరానికి వెలిగించిన దీపాల వరుస వాటిని రోడ్డు వైపు నడిపిస్తుంది. ఆ నెలల్లో సముద్రం వైపు దీపాలు ఆర్పివేయడానికి పైసా ఖర్చు లేదు.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. తీరపు ఇళ్ల మీద వ్యాసాలు ఆపవద్దు. కాకపోతే ఇకపై అలాంటి ఇంటి బొమ్మ వేసినప్పుడల్లా దాని కింద మూడు వివరాలు కూడా అచ్చువేయండి. ఆ ఇంటికి నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో, పోటు రేఖకు అది ఎంత దూరంలో ఉన్నదో, ముంగిట ఉన్న మొక్కల్లో ఏవి ఆ ఇసుకలోనివో పాఠకులకు తెలియాలి. వీలైతే ఒక వారం మీ ఛాయాగ్రాహకుడిని బాపట్ల, వేటపాలెం వైపు పంపండి. చుట్టిళ్లు ఇప్పుడు తక్కువే మిగిలాయి, కాబట్టి ఆ పని ఈ వేసవిలోపే జరిగితే మంచిది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.